అమెరికా టీవీలో షోల రద్దు, కొనసాగింపు, ప్రేక్షకుల పోరాటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీటీలు వచ్చాక అమెరికా ధారావాహికలు తెలుగు ఇళ్లలోకి కూడా చేరాయి. రెండు మూడు సీజన్లు ఇష్టంగా చూసి, కథ మంచి పట్టు మీదున్న చోట ఆగిపోయి, తరువాయి భాగం ఎప్పుడా అని వెతికితే 'రద్దయింది' అన్న మాట ఎదురైనవారు చాలామందే ఉంటారు. ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఏ లెక్కన తీసుకుంటారు, ప్రేక్షకులు గొంతెత్తితే ఫలితం ఉంటుందా అని అడిగేవారి కోసం ఈ జవాబులు.

షోను రద్దు చేసేది ఎవరు? తీసినవారా, ప్రసారం చేసేవారా?

ప్రసారం చేసేవారే. షోను నిర్మించేది స్టూడియో అయితే, దాన్ని ప్రసారం చేసుకునే హక్కును ఒక్కో సీజన్‌కు ఇంత అని కొనుక్కునేది ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ వంటి నెట్‌వర్క్. కొనసాగింపు అంటే మరో సీజన్ కొంటామని నెట్‌వర్క్ చెప్పడం, రద్దు అంటే ఇక కొనబోమని చెప్పడం. రద్దయిన తర్వాత కూడా షో మీద హక్కులు మామూలుగా స్టూడియో చేతిలోనే ఉంటాయి కాబట్టి, అది మరో కొనుగోలుదారు కోసం ప్రయత్నించవచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం తేలికగా అర్థమవుతాయి.

కొత్త షోల విషయంలో చాలాకాలం నడిచిన పద్ధతి మరొకటి ఉంది. ముందు 13 ఎపిసోడ్లకు మాత్రమే ఆర్డరు ఇచ్చేవారు. ఆదరణ బాగుంటే మరో 9 కలిపి 22 చేసేవారు. ఆ 9 రాలేదంటే షోకు నూకలు చెల్లినట్టే.

ఈ వార్తలన్నీ మే నెలలోనే ఎందుకు గుంపుగా వస్తాయి?

అమెరికా నెట్‌వర్క్‌ల ప్రసార సంవత్సరం సెప్టెంబరు చివర్లో మొదలై మే నెలలో ముగుస్తుంది. ఆ మే నెలలోనే నెట్‌వర్క్‌లు న్యూయార్క్‌లో ప్రకటనదారులను పిలిచి, రాబోయే సంవత్సరంలో ఏ రోజు ఏ గంటకు ఏ షో వేస్తారో చూపించి, ప్రకటనల సమయాన్ని ముందుగానే అమ్ముకుంటాయి. 'అప్‌ఫ్రంట్స్' అనే ఈ సంత కంటే ముందే పాత షోలలో ఏది ఉంటుందో ఏది పోతుందో తేల్చుకోవాలి. పైగా చాలామంది నటీనటుల ఒప్పందాల్లో నెట్‌వర్క్‌కు ఉండే హక్కు జూన్ నెలాఖరుతో ముగిసిపోతుంది. ఆ గడువు దాటితే వారు మరో పనికి ఒప్పుకోవచ్చు. అందుకే మే రెండో వారంలో ఒకే రోజు నాలుగైదు షోల మీద వేటు పడటం మామూలైపోయింది.

ఎక్కువమంది చూస్తే షో తప్పకుండా నిలుస్తుందా?

నిలవాలని లేదు. 1971లో సీబీఎస్ చేసిన పని ఇందుకు పెద్ద సాక్ష్యం. పల్లె జీవితం చుట్టూ తిరిగే 'ది బెవర్లీ హిల్‌బిల్లీస్', 'గ్రీన్ ఏకర్స్', 'మేబెర్రీ ఆర్.ఎఫ్.డి.', 'హీ హా' వంటి షోలను అది ఒకేసారి తొలగించింది. వీటిలో చివరి రెండూ ఆ ఏడాది దేశవ్యాప్త రేటింగుల్లో మొదటి 20 స్థానాల్లో ఉన్నాయి. ప్రేక్షకులు తగ్గారని వాటిని తీసివేయలేదు. చూసేవారిలో పెద్ద వయసువారు, పల్లెవాసులు ఎక్కువగా ఉన్నారని, ప్రకటనదారులు కోరుకునే పట్టణ యువత తక్కువగా ఉందని తీసివేశారు. అయితే 'హీ హా' అక్కడితో ఆగలేదు. స్థానిక స్టేషన్లకు నేరుగా అమ్ముకుంటూ మరో రెండు దశాబ్దాల పాటు కొత్త ఎపిసోడ్లతో నడిచింది. ఒక నెట్‌వర్క్ వద్దనుకున్నంత మాత్రాన చూసేవారు లేనట్టు కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో '18 నుంచి 49 ఏళ్ల వారు' అన్న వయోవర్గమే నెట్‌వర్క్‌లకు కొలబద్ద అయింది. 60 ఏళ్ల ప్రేక్షకుడు ఎంత విశ్వాసంగా చూసినా ఆ పట్టికలో అతనికి చోటు లేదు. ఇది నాకు మొదటి నుంచీ అన్యాయంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఒక షోను ఏళ్ల తరబడి వదలకుండా చూసేవారిలో పెద్దవారే ఎక్కువ.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1981 జనవరిలో ఎన్‌బీసీ మొదలుపెట్టిన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' మొదటి సీజన్ రేటింగుల్లో దాదాపు అట్టడుగున నిలిచింది. అయినా ఎన్‌బీసీ దాన్ని కొనసాగించింది. ఆ మొదటి సీజన్‌కే అమెరికా టీవీ రంగపు పెద్ద పురస్కారాలైన ఎమ్మీ అవార్డులు 8 వచ్చాయి. షో ఏడు సీజన్లు నడిచింది. కొనే చోట ఓపిక ఉండాలే గానీ, నెమ్మదిగా నిలదొక్కుకునే షోలు ఎప్పుడూ ఉంటాయి.

నేను ప్రతి వారం తప్పకుండా చూస్తాను. నన్ను లెక్కిస్తారా?

మీ ఇంట్లో నీల్సన్ సంస్థ మీటరు ఉంటేనే సంప్రదాయ రేటింగులోకి వస్తారు. దేశం మొత్తం నుంచి ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్ల వీక్షణాన్ని కొలిచి, దాని మీద దేశపు లెక్క కడతారు. మన దగ్గర బార్క్ ఇచ్చే టీఆర్‌పీలది కూడా ఇదే తరహా. ఓటీటీ సంగతి వేరు. అక్కడ మీరు ఏ నిమిషంలో ఆపారో, ఏ ఎపిసోడ్ మధ్యలో వదిలేశారో కూడా నమోదవుతుంది.

షో స్టూడియోది అయితే, నెట్‌వర్క్ నిర్ణయంలో దాని యాజమాన్యానికి ఏం సంబంధం?

చాలా సంబంధం ఉంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇక్కడే ఉంది. నెట్‌వర్క్ చెల్లించే సొమ్ము సాధారణంగా ఎపిసోడ్ తీయడానికయ్యే ఖర్చు కంటే తక్కువ. ఆ లోటును స్టూడియో భరిస్తుంది. షో 100 ఎపిసోడ్ల దాకా చేరితే వాటిని పునఃప్రసారానికి స్థానిక స్టేషన్లకు, కేబుల్ ఛానెళ్లకు, విదేశాలకు అమ్మి ఆ లోటు పూడ్చుకుని లాభం చూస్తుంది.

1970లో తెచ్చిన ప్రభుత్వ నిబంధనలు, నెట్‌వర్క్‌లు తాము ప్రసారం చేసే వినోద కార్యక్రమాలకు తామే యజమానులు కావడాన్ని గట్టిగా పరిమితం చేశాయి. 1990ల మొదట్లో ఆ నిబంధనలు సడలిపోయిన తర్వాత నెట్‌వర్క్, స్టూడియో ఒకే గొడుగు కిందికి రావడం పెరిగింది. అప్పటి నుంచి లెక్క మారింది. రెండు షోలకు సమానమైన రేటింగ్ ఉండి, ఒకటి సొంత స్టూడియోది, మరొకటి పరాయి స్టూడియోది అయితే, పరాయిదే ముందు పోతుంది. పునఃప్రసార లాభం వేరేవారి జేబులోకి వెళ్లే షోను నష్టానికి నడపడానికి ఎవరు ఒప్పుకుంటారు?

'బ్రూక్లిన్ నైన్-నైన్' కథ ఇందుకు చక్కగా సరిపోతుంది. ఫాక్స్‌లో ఐదు సీజన్లు నడిచిన ఈ హాస్య ధారావాహికను 2018 మే 10న రద్దు చేశారు. సామాజిక మాధ్యమాలు భగ్గుమన్నాయి. దర్శకుడు గియెర్మో డెల్ టోరో, నటుడు మార్క్ హామిల్ వంటి ప్రముఖులు కూడా బహిరంగంగా బాధపడ్డారు. మర్నాడు రాత్రికల్లా ఎన్‌బీసీ దాన్ని తీసుకుంది. అభిమానుల కేక ఆ వేగానికి ఊతమిచ్చిన మాట నిజమే. కానీ ఆ షోను తీస్తున్న యూనివర్సల్ టెలివిజన్, ఎన్‌బీసీ ఒకే సంస్థవి. తన ఇంటి బిడ్డ పొరుగింట్లో పెరిగి వెనక్కి వచ్చినట్టు ఎన్‌బీసీ దాన్ని అక్కున చేర్చుకుని 2021 వరకు మరో మూడు సీజన్లు నడిపింది.

అభిమానుల ఉద్యమాలు ఇంటర్నెట్‌తో మొదలయ్యాయా?

కాదు, ఉత్తరాలతో మొదలయ్యాయి. 1966లో ఎన్‌బీసీలో ప్రారంభమైన 'స్టార్ ట్రెక్'ను రెండో సీజన్ తర్వాత ఆపేస్తారన్న వార్త పొక్కగానే, బ్యో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే అభిమాన దంపతులు ఉత్తరాల ఉద్యమాన్ని నడిపారు. అందరూ ఒకే నమూనా నకలు చేసి పంపకుండా, ఎవరికి వారు సొంత మాటల్లో, మర్యాదగా రాయాలన్నది వారి సలహా. ఎన్‌బీసీకి లక్షకు పైగా ఉత్తరాలు అందాయి. 1968 జనవరిలో కాల్‌టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) విద్యార్థులు కాగడాలు పట్టుకుని బర్బాంక్‌లోని ఎన్‌బీసీ కార్యాలయం దాకా ఊరేగింపుగా వెళ్లారు. చివరకు 1968 మార్చి 1న ఒక ఎపిసోడ్ ముగియగానే, షో కొనసాగుతుందని, ఇక ఉత్తరాలు రాయనక్కరలేదని నెట్‌వర్క్ ప్రసారంలోనే ప్రకటించింది.

తర్వాత జరిగింది అంత సంతోషకరం కాదు. మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి 10 గంటలకు తోశారు. ఆ షోకు ప్రాణమైన యువకులు ఇంట్లో ఉండని సమయమది. నిర్మాణ వ్యయానికి కోత పెట్టారు. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ రోజువారీ పని నుంచి తప్పుకున్నారు. 1969లో షో ఆగిపోయింది. అయితే ఆ ఒక్క సీజన్ వల్ల మొత్తం ఎపిసోడ్లు 79కి చేరాయి. స్థానిక స్టేషన్లలో ప్రతిరోజూ పునఃప్రసారం చేసుకోవడానికి ఆ సంఖ్య అక్కరకొచ్చింది. 1970లలో పాఠశాల నుంచి ఇంటికి వచ్చిన పిల్లలు వాటినే మళ్లీ మళ్లీ చూశారు. 1979లో సినిమా వచ్చింది. ఉత్తరాలు రాసినవారు కాపాడింది ఒక్క సీజన్‌నే అయినా, ఆ సీజన్ లేకపోతే తర్వాతి కథే లేదని నేను గట్టిగా నమ్ముతాను.

1983లో సీబీఎస్ తొలగించిన 'క్యాగ్నీ అండ్ లేసీ' కూడా ఉత్తరాల బలంతోనే తిరిగివచ్చింది. మధ్యలో దాని ఇద్దరు కథానాయికల్లో ఒకరైన టైన్ డేలీకి ఎమ్మీ రావడం కలిసొచ్చింది. 1984లో మళ్లీ మొదలై 1988 దాకా నడిచింది.

వేరుశనగకాయలు పంపి షోను బతికించారన్నది నిజమేనా?

నిజమే. 2006 సెప్టెంబరులో సీబీఎస్‌లో 'జెరికో' మొదలైంది. అణుదాడుల తర్వాత బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయిన ఒక చిన్న కాన్సాస్ ఊరి కథ ఇది. సీజన్ మధ్యలో దాదాపు మూడు నెలల విరామం ఇవ్వడంతో ప్రేక్షకులు చెదిరిపోయారు. 2007 మేలో రద్దు చేశారు. ఆ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో, లొంగిపొమ్మన్న శత్రువుకు కథానాయకుడు 'నట్స్' అని ఒక్క మాటలో జవాబిస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాస్టోన్ దగ్గర జర్మన్లు లొంగిపొమ్మని కబురు పంపినప్పుడు అమెరికా సైన్యాధికారి మెకాలిఫ్ ఇచ్చిన సమాధానమే అది. అభిమానులు ఆ మాటను పట్టుకుని, దానికి సరిపోయే వేరుశనగకాయలను సీబీఎస్ కార్యాలయాలకు బస్తాలకొద్దీ పంపారు. మొత్తం 20 టన్నులు దాటింది. జూన్ మొదటి వారానికల్లా సీబీఎస్ దిగివచ్చి ఏడు ఎపిసోడ్లకు ఆర్డరు ఇచ్చింది. అప్పటి వినోద విభాగం అధ్యక్షురాలు నీనా టాస్లర్ అభిమానులకు రాసిన లేఖలో, షో నిలవాలంటే మరింతమంది ప్రేక్షకులు కావాలని, వారిని తీసుకొచ్చే బాధ్యత మీరూ పంచుకోవాలని దాపరికం లేకుండా చెప్పారు.

ఆ ప్రేక్షకులు రాలేదు. 2008 మార్చిలో షో రెండోసారి, శాశ్వతంగా ఆగింది. అయితే ఈసారి నిర్మాతలు ముందుచూపుతో రెండు ముగింపులు చిత్రీకరించి పెట్టుకున్నారు. కొనసాగితే వేయడానికి ఉత్కంఠతో ఆగేది ఒకటి, ఆగిపోతే కథను ముగించేది మరొకటి. ప్రసారమైనది రెండోది. 20 టన్నుల వేరుశనగకాయలు తెచ్చిపెట్టిన అసలు ఫలితం ఆ ముగింపేనని నా అభిప్రాయం. అది చిన్న ఫలితమేమీ కాదు.

అలాంటి ఉద్యమాల్లో అన్నిటికంటే తెలివైనది ఏది?

నన్నడిగితే 2009లో 'చక్' అభిమానులు చేసిందే. ఎన్‌బీసీలో వచ్చే ఈ షో అంచున వేలాడుతున్నప్పుడు, నెట్‌వర్క్‌కు వస్తువులు పంపే బదులు, ఆ షోకు ప్రకటనలిచ్చే సబ్‌వే దుకాణాలకు వెళ్లి, ఏప్రిల్ 27న సీజన్ చివరి ఎపిసోడ్ వచ్చే రోజున శాండ్‌విచ్‌లు కొనమని, తాము 'చక్' కోసమే వచ్చామని అక్కడ చీటీ రాసి వేయమని ప్రచారం చేశారు. కథానాయకుడు జాకరీ లీవై ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒక అభిమానుల సమావేశం నుంచి వందలమందిని వెంటబెట్టుకుని సబ్‌వేకి నడిచివెళ్లారు. కౌంటరు వెనక్కి వెళ్లి స్వయంగా శాండ్‌విచ్‌లు కూడా చేసిచ్చారు. షో కొనసాగింది, సబ్‌వే దానికి ప్రాయోజకురాలైంది. 2012 జనవరి వరకు నడిచి 91 ఎపిసోడ్లు పూర్తిచేసుకుంది.

ఇందులోని కిటుకు గమనించండి. నెట్‌వర్క్ ప్రేక్షకులకు షోలు అమ్మదు, ప్రకటనదారులకు ప్రేక్షకులను అమ్ముతుంది. ఆ కొనుగోలుదారు దగ్గరికే వెళ్లి 'మేమున్నాం, కొంటాం' అని కళ్లెదుట చూపించడం వల్లే ఇది ఫలించింది.

ఒకచోట రద్దయిన షో మరోచోట బతకడం ఈమధ్య ఎందుకు పెరిగింది?

కొనేవారి సంఖ్య పెరిగింది కాబట్టి. ఫాక్స్ 2018 మేలో వదిలేసిన 'లూసిఫర్'ను జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ తీసుకుని మరో మూడు సీజన్లు నడిపింది. అదే మేలో సైఫై ఛానెల్ 'ది ఎక్స్‌పాన్స్'ను వదులుకుంది. అమెరికాలో టీవీలో తొలి ప్రసారం చేసే హక్కు మాత్రమే ఆ ఛానెల్‌కు ఉండేది, ఓటీటీ హక్కులు లేవు, కాబట్టి ఖరీదైన అంతరిక్ష గాథ దానికి గిట్టుబాటు కాలేదు. షోను కాపాడమంటూ అభిమానులు అమెజాన్ స్టూడియో కార్యాలయం మీదుగా బ్యానరు కట్టిన విమానాన్ని తిప్పించారు. ఆ నెల 25న లాస్ ఏంజెలెస్‌లో ఒక అంతరిక్ష సదస్సులో, నటీనటులు కూర్చున్న సభలోనే, షోను తాము తీసుకుంటున్నట్టు అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ ప్రకటించారు. షో ఆరు సీజన్లు పూర్తిచేసుకుంది.

'మానిఫెస్ట్'ది మరో రకం. ఎన్‌బీసీ 2021 జూన్‌లో రద్దు చేసే సమయానికే పాత సీజన్లు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చి, అమెరికాలో మొదటి స్థానంలో కూర్చున్నాయి. కథలోని విమానం సంఖ్య 828. ఆగస్టు 28న, అంటే అమెరికన్లు రాసే పద్ధతిలో 8/28న, నెట్‌ఫ్లిక్స్ 20 ఎపిసోడ్ల చివరి సీజన్‌ను ప్రకటించింది. చూస్తున్న అంకెలే అక్కడ ఉద్యమమయ్యాయి.

రద్దయి చాలాకాలమైతే ఇక ఆశ లేనట్టేనా?

రోజులు గడిచేకొద్దీ కష్టమవుతుంది. సెట్లు విప్పేస్తారు, నటులు వేరే పనుల్లోకి వెళ్లిపోతారు. అయినా మినహాయింపులున్నాయి. 2002లో ఆగిన 'ఫ్యామిలీ గై', పునఃప్రసారాలకు, డీవీడీలకు వచ్చిన గిరాకీ చూసి 2005లో ఫాక్స్‌కే తిరిగొచ్చింది. 2007లో ఆగిన 'వెరోనికా మార్స్' కోసం 2013లో జనం నుంచి విరాళాలు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 91 వేల మందికి పైగా అభిమానులు 57 లక్షల డాలర్లు పోగుచేస్తే, మరుసటి ఏడాది సినిమా విడుదలైంది.

చందా డబ్బుతో నడిచే ఓటీటీలు కూడా ఎందుకు రద్దు చేస్తాయి?

ప్రకటనల మీద ఆధారం తక్కువ కాబట్టి ఓటీటీలు ఉదారంగా ఉంటాయని మొదట్లో అందరూ ఆశపడ్డారు. అలా జరగలేదు. కొత్త చందాదారులను తెచ్చే శక్తి కొత్త షోకు ఎక్కువ, మూడో నాలుగో సీజన్‌కు తక్కువ. మరోవైపు సీజన్లు పెరిగేకొద్దీ పారితోషికాలు పెరుగుతాయి. మొదలుపెట్టినవారిలో ఎందరు చివరిదాకా చూశారన్నది కూడా పెద్ద కొలమానం.

దీనివల్ల ఒక విషవలయం ఏర్పడింది. సగంలో ఆగిపోతుందేమోనన్న భయంతో ప్రేక్షకులు కొత్త షో జోలికి వెళ్లకుండా, కథ పూర్తయ్యాక చూద్దాంలే అని ఆగుతున్నారు. వారు ఆగడం వల్ల తొలి వారాల అంకెలు పడిపోతున్నాయి, ఆ అంకెలు చూసి షోను ఆపేస్తున్నారు. ఇందులో ప్రేక్షకులను తప్పుపట్టడం న్యాయం కాదు. వారి నమ్మకాన్ని పోగొట్టినవారే దాన్ని తిరిగి సంపాదించుకోవాలి.

కొనసాగిస్తామని ప్రకటించాక కూడా మాట తప్పవచ్చా?

తప్పవచ్చు. నెట్‌ఫ్లిక్స్ 'గ్లో'కు నాలుగో సీజన్ ఇచ్చి, చిత్రీకరణ కూడా మొదలయ్యాక, కోవిడ్ కారణంగా 2020 అక్టోబరులో రద్దు చేసింది.

తెలుగు సీరియళ్లలో ఇలాంటి రద్దులు ఉండవా?

ఉంటాయి, కానీ రూపం వేరు. మన సీరియళ్లకు సీజన్లు లేవు. వారానికి ఐదారు రోజులు ఏళ్ల తరబడి సాగుతాయి, కాబట్టి ఏటా కొనసాగింపు ప్రకటన అవసరం ఉండదు. రేటింగ్ తగ్గితే ముందు ప్రసార సమయం మారుతుంది, ఆ తర్వాత కథను హడావిడిగా చుట్టేసి శుభం కార్డు వేస్తారు. అక్కడ కథ నడుమ తెగిపోతే, ఇక్కడ తొక్కిపట్టి ముగిస్తారు. తిరిగి రావడం కూడా లేకపోలేదు. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచిన 'కార్తీకదీపం', అదే నాయికానాయకులతో, కొత్త కథతో 2024 మార్చిలో మళ్లీ మొదలైంది. జనం వంటలక్కను, డాక్టర్ బాబును మరిచిపోలేదని ఛానెల్ గ్రహించడమే దానికి కారణం.

నచ్చిన షో రద్దయితే రచయితలను, నటులను నిలదీయడం సరైనదేనా?

కాదు. వారు ఉపాధి కోల్పోయినవారు. చాలాసార్లు వారికి కూడా కబురు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. నిర్ణయం తీసుకున్న సంస్థను అడగండి, అదీ మర్యాదగా.

అయితే ప్రేక్షకులుగా మేము ఏమి కోరాలి?

మరో సీజన్ కోరండి, తప్పులేదు. దానితోపాటు కథకు ముగింపు కావాలని తప్పకుండా కోరండి. ఇది సంస్థలు ఒప్పుకోగల కోరిక, పైగా న్యాయమైనది. సంవత్సరాల తరబడి తమ సమయాన్ని ఇచ్చినవారికి కథ ఏమైందో చెప్పాల్సిన బాధ్యత దాన్ని మొదలుపెట్టినవారి మీద ఉంది. 2017 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ 'సెన్స్8'ను ఆపేసినప్పుడు పలు దేశాల అభిమానులు పట్టుబట్టడంతో, 2018 జూన్‌లో రెండున్నర గంటల ముగింపు భాగం వచ్చింది. ఎన్‌బీసీ 'టైమ్‌లెస్'ను 2017 మేలో రద్దు చేసి మూడు రోజుల్లో మనసు మార్చుకుంది, 2018లో మళ్లీ రద్దు చేసింది. ఆ వేసవి కామిక్-కాన్ అనే అభిమానుల ఉత్సవం మీదుగా అభిమానులు హెలికాప్టరుకు బ్యానరు కట్టి తిప్పించారు. వారికి మూడో సీజన్ దక్కలేదు. కానీ 2018 డిసెంబరు 20న రెండు గంటల ముగింపు ఎపిసోడ్ ప్రసారమైంది.